విడిపోవడం ఒక్కరోజు... పంపకాలు ఏళ్ల తరబడి!

* మద్రాసు నుంచి మార్కాపురం దాకా అదే కథ
* నోటిమాట ఒప్పందాలు గాలికి.. చట్టంలోని వాక్యాలకే విలువ
* బ్రిటన్ అనుభవంలో పశ్చిమ ప్రకాశానికి పాఠం

వెలిగండ్ల: కలిసి ఉండాలా, విడిపోవాలా అన్న చర్చ ఎక్కడ తలెత్తినా ముందుగా వినిపించేవి నినాదాలే. లెక్కలు ఆ తరువాత వస్తాయి. 2016లో బ్రిటన్ ప్రజలు ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలని తీర్పు ఇచ్చినప్పుడు జరిగిందీ, 2014లో ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలైనప్పుడు జరిగిందీ ఇదే. ఖండాంతరంలోని ఆ వ్యవహారం కరవు సీమలో ఉన్న మనకెందుకు అని అనిపించడం సహజం. కాని ఈ ప్రాంత చరిత్రను ఒకసారి తిరగేస్తే, ఆ ప్రశ్న మన గడపకు కొత్తది కాదని స్పష్టమవుతుంది.

కనిగిరి తాలూకాలో భాగంగా వెలిగండ్ల ప్రాంతం ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరింది. 2014లో విభజిత ఆంధ్రప్రదేశ్‌లో మిగిలింది. 2025 డిసెంబరు నెలాఖరులో మార్కాపురం జిల్లా పరిధిలోకి మారింది. ఊరు కదలలేదు, పొలం కదలలేదు. డెబ్బై రెండేళ్లలో చిరునామా మాత్రం ఐదుసార్లు మారింది. ప్రతిసారీ ‘ఇక మన బాధలు తీరినట్లే’ అన్న ఆశ చిగురించింది. ఆ ఆశ ఏ మేరకు నెరవేరిందన్నది, విడిపోయే నాడు కాగితంపై ఏమి రాసుకున్నారన్న దానిపైనే ఆధారపడింది.

బ్రిటన్‌లో ఏం జరిగింది?

ముందుగా బ్రిటన్ సంగతి. 1973 జనవరి 1న ఆ దేశం అప్పటి ఐరోపా ఆర్థిక కూటమిలో చేరింది. రెండేళ్లు తిరగకముందే ఉండాలా వద్దా అన్న వివాదం మొదలైంది. 1975లో ప్రజాభిప్రాయ సేకరణ జరపగా 67 శాతం మంది కొనసాగాలనే కోరారు. నాలుగు దశాబ్దాల తరువాత, 2016 జూన్ 23న మళ్లీ అదే ప్రశ్న అడిగితే 51.9 శాతం మంది వైదొలగాలన్నారు. అనుకూలంగా సుమారు 1.74 కోట్ల ఓట్లు, ప్రతికూలంగా సుమారు 1.61 కోట్ల ఓట్లు పడ్డాయి. ఒకే దేశం ఒకే ప్రశ్నకు రెండు తరాల్లో రెండు జవాబులు చెప్పింది.

ఓటు చీటీపై ఉన్నది ఉండాలా, వెళ్లాలా అన్న రెండు మాటలే. వెళితే ఏ షరతులపై వెళ్లాలన్నది అందులో లేదు. సరిహద్దు సుంకాల సంగతేమిటి, అవతలి దేశాల్లో స్థిరపడిన తమ పౌరుల హక్కులేమిటి, సమాఖ్యకు చెల్లించాల్సిన బాకీ ఎంత, ఐర్లాండ్ ద్వీపాన్ని రెండుగా చీల్చే సరిహద్దును ఏం చేయాలి అన్న ప్రశ్నలన్నీ తీర్పు తరువాతే ముందుకొచ్చాయి. బాకీ ఒక్కటే 3,500 నుంచి 3,900 కోట్ల పౌండ్లు ఉంటుందని తొలి అంచనా. ప్రధాని డేవిడ్ కామెరాన్ ఫలితం వెలువడిన మర్నాడే పదవి వదులుకుంటున్నట్లు ప్రకటించారు. ఆయన తరువాత వచ్చిన థెరిసా మే, తాను కుదుర్చుకున్న ఒప్పందాన్ని సొంత పార్లమెంటు చేత ఆమోదింపజేయలేక తప్పుకున్నారు. బోరిస్ జాన్సన్ హయాంలో 2020 జనవరి 31న బ్రిటన్ అధికారికంగా బయటకు వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 31 వరకు పాత నిబంధనలే కొనసాగాయి. ఉత్తర ఐర్లాండ్‌కు సంబంధించిన చిక్కుముడిని సడలించడానికి 2023లో మరో ఒప్పందం అవసరమైంది. ఒక్కరోజు ఓటుకు ఏడేళ్ల పంచాయితీ అన్నమాట.

మద్రాసుతో తెగిన బంధం

ఇక మన సంగతి. మద్రాసు రాష్ట్రం నుంచి తెలుగు జిల్లాలు వేరుపడాలన్న కోరిక 20వ శతాబ్దపు రెండో దశకంలోనే బలపడింది. అయితే తెలుగువారందరి మాట ఒకటి కాదు. తమిళుల ఆధిక్యం నుంచి బయటపడి కోస్తా వారి ఆధిక్యంలో చిక్కుకుంటామేమోనన్న సందేహం రాయలసీమ నాయకులను వెంటాడింది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం చివరకు విశాఖపట్నంలో స్థిరపడటం ఆ సందేహాన్ని మరింత పెంచింది.

దాన్ని తొలగించడానికి 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు నివాసమైన శ్రీబాగ్‌లో ఇరు ప్రాంతాల పెద్దలు కూర్చుని ఒక అవగాహనకు వచ్చారు. అదే శ్రీబాగ్ ఒడంబడిక. రాజధాని, హైకోర్టులలో ఒకటి రాయలసీమలో, మరొకటి కోస్తాలో ఉండాలన్నది అందులోని ప్రసిద్ధమైన షరతు. మన ప్రాంతానికి అంతకంటే ముఖ్యమైన షరతు మరొకటి ఉంది. కృష్ణా, తుంగభద్ర, పెన్నా జలాల వినియోగంలో పదేళ్లపాటు, అవసరమైతే అంతకంటే ఎక్కువ కాలం, రాయలసీమకూ నెల్లూరు జిల్లాకూ ప్రాధాన్యం ఇవ్వాలని అందులో అంగీకరించారు.

నాడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో, అంటే రాయలసీమలో ఉన్నాయి. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్నాయి. నేడు పశ్చిమ ప్రకాశంగా పిలుచుకునే ప్రాంతమంతా శ్రీబాగ్ ప్రాధాన్యం పరిధిలోకే వచ్చిందన్న మాట. ఈ సంగతి చాలామంది మరిచిపోవడం గమనార్హం.

కాని శ్రీబాగ్ ఒడంబడిక పెద్దమనుషుల మధ్య కుదిరిన అవగాహన. చట్టం కాదు. గడువు దాటితే ఎవరిని అడగాలి, ఏ న్యాయస్థానానికి వెళ్లాలి అన్నది అందులో లేదు.

స్వాతంత్య్రం వచ్చిన తరువాత వివాదమంతా మద్రాసు నగరం చుట్టూ తిరిగింది. నగరంపై హక్కు వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వవచ్చని 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభిలతో కూడిన సంఘం అభిప్రాయపడింది. టంగుటూరి ప్రకాశం వంటివారు అందుకు సమ్మతించలేదు. మద్రాసుతో కూడిన ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆయన పూర్వికులది కనిగిరి సమీపంలోని పడమటిపల్లె. డిసెంబరు 15 రాత్రి ఆయన ఆత్మార్పణ చేయడంతో తెలుగు జిల్లాలు అట్టుడికాయి. నాలుగు రోజులకే, 19న, ప్రధాని నెహ్రూ ప్రత్యేక రాష్ట్రాన్ని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. మద్రాసు నగరం దక్కలేదు.

ఆ రాజధాని మూడేళ్లే నిలిచింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు ప్రాంతాలతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో రాజధాని హైదరాబాదుకు తరలింది. శ్రీబాగ్ షరతులు క్రమంగా సభల్లో గుర్తుచేసుకునే జ్ఞాపకాలుగా మారిపోయాయి.

తెంచుకున్న మద్రాసుతో మళ్లీ నీటి బంధం కలుపుకోవలసి రావడం ఇందులో మరో విశేషం. 1983లో తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. కృష్ణా పరీవాహక రాష్ట్రాలైన మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల చొప్పున చెన్నై తాగునీటికి 15 టీఎంసీలు ఇవ్వాలన్నది దాని సారాంశం. 1996లో కృష్ణా జలాలు చెన్నై చేరాయి. అదే 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం నీరు పొరుగు రాష్ట్ర రాజధాని గొంతు తడిపిన ఏడాదే, శ్రీశైలానికి కొండ ఇవతల ఉన్న మనకు శిలాఫలకం దక్కింది. అక్కడ రాతపూర్వక ఒప్పందం ఉంది. ఇక్కడ వాగ్దానం ఉంది. తేడా అదే.

1970లో ఏం మారింది?

1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలను విడదీసి ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా మారితే కలెక్టరు కార్యాలయం మారడం తప్ప మరేమీ జరగదని అప్పట్లో అనుకున్నవారు ఉండవచ్చు. కాని మరికొన్ని మార్పులు నెమ్మదిగా బయటపడ్డాయి.

1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలను సుప్రీంకోర్టు సమర్థించడంతో కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం రగిలింది. ముఖ్యమంత్రి పి.వి.నరసింహారావు రాజీనామా చేయగా 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన విధించారు. ఆ ఏడాది సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని ఫలితంగా రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరింది. విద్య, ఉద్యోగాల్లో ‘స్థానికత’ను జిల్లాల వారీగా నిర్ణయించారు.

అక్కడే మన ప్రాంతానికి మలుపు వచ్చింది. ఉద్యోగాలకు సంబంధించి ప్రకాశం జిల్లాను గుంటూరు, నెల్లూరులతో కలిపి మూడో జోన్‌లో ఉంచారు. రాయలసీమ జిల్లాలు నాలుగో జోన్‌లోకి వెళ్లాయి. విశ్వవిద్యాలయ ప్రవేశాలలో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించగా, ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలో చేరింది. నెల్లూరు, రాయలసీమ జిల్లాలు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలో ఉండిపోయాయి. పాత జిల్లాలోనే ఉండి ఉంటే తిరుపతికి స్థానికులయ్యే కనిగిరి, మార్కాపురం విద్యార్థులు, జిల్లా మారినందువల్ల విశాఖకు స్థానికులయ్యారు. సారవంతమైన డెల్టా జిల్లాల విద్యార్థులతో మెట్ట ప్రాంత విద్యార్థులు పోటీ పడవలసి వచ్చింది. జిల్లా ఏర్పడిన నాడు ఎవరి చర్చలోనూ లేని అంశం తరువాతి తరాల చదువులను, కొలువులను నిర్దేశించింది.

జై ఆంధ్ర ఉద్యమంలో మరో సంగతి కూడా దాగి ఉంది. 1972లో ప్రత్యేక రాష్ట్రం కావాలని వీధికెక్కిన కోస్తా, రాయలసీమ ప్రాంతాలే 2009 తరువాత సమైక్యాంధ్ర కావాలని వీధికెక్కాయి. 1975, 2016లలో బ్రిటన్ ఓటర్లు రెండు వైపులా మొగ్గినట్లే ఇక్కడా జరిగింది. ప్రజలు చపలచిత్తులని దీనికి అర్థం కాదు. ఏ కాలానికి ఆ కాలంలో తమకు భద్రత ఎటువైపు కనిపిస్తే అటు నిలిచారు. 1972లో రాజధానిలో ఉద్యోగాలు దక్కవన్న బెంగ. 2009లో అప్పటికే అక్కడ అల్లుకున్న బతుకులు తెగిపోతాయన్న బెంగ.

2014: ఓటు లేదు.. సరిహద్దు గోడా లేదు

2009 డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ ప్రారంభిస్తామని కేంద్రం ప్రకటించింది. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబరు 30న నివేదిక సమర్పించి ఆరు మార్గాలను సూచించింది. తెలంగాణకు చట్టబద్ధమైన ప్రాంతీయ మండలి ఇస్తూ రాష్ట్రాన్ని సమైక్యంగా ఉంచడమే మేలైన మార్గమని అభిప్రాయపడింది. అయినా 2013 జూలై 30న అప్పటి కేంద్ర అధికార పక్షం విభజనకే మొగ్గింది. 2014 జనవరి 30న రాష్ట్ర శాసనసభ బిల్లును తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో తీర్మానం చేసింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. జూన్ 2న రెండు రాష్ట్రాలు ఏర్పడ్డాయి.

బ్రిటన్ వ్యవహారానికీ దీనికీ మౌలికమైన తేడాలు రెండు ఉన్నాయి. మొదటిది, నిర్ణయాధికారం. ఐరోపా సమాఖ్య ఒప్పందంలోని 50వ అధికరణం ప్రకారం సభ్యదేశం తనంతట తాను వైదొలగవచ్చు. మన రాజ్యాంగంలోని 3వ అధికరణం ప్రకారం రాష్ట్రాల ఏర్పాటు, విభజన అధికారం పార్లమెంటుదే. సంబంధిత శాసనసభ అభిప్రాయం అడగాలి గాని, దానికి కట్టుబడాల్సిన అవసరం లేదు. కనుక మన వద్ద ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు, శాసనసభ తిరస్కారం విభజనను ఆపలేదు.

రెండోది, విడిపోయాక మిగిలే బంధం. బ్రిటన్ వైదొలగడంతో ఐరోపా దేశాల మధ్య స్వేచ్ఛగా వెళ్లి పనిచేసుకునే హక్కు రద్దయింది. సరుకులకు సరిహద్దు తనిఖీలు వచ్చాయి. మన దేశంలో రాష్ట్రం విడిపోయినా పౌరసత్వం ఒక్కటే, కరెన్సీ ఒక్కటే. దేశంలో ఎక్కడైనా నివసించే, పనిచేసే హక్కు 19వ అధికరణం ఇచ్చింది. వర్షాధార సేద్యం గిట్టుబాటుకాక వెలిగండ్ల, కనిగిరి, పామూరు ప్రాంతాల నుంచి బేల్దారి పనులకు హైదరాబాదుకు, చెన్నైకి, బెంగళూరుకు వలసపోయే కుటుంబాలకు ఇది గొప్ప రక్ష. 2014 జూన్ 2 తరువాత హైదరాబాదు వెళ్లే బస్సు ఎక్కడానికి వారికి వీసా అవసరం రాలేదు.

అంతమాత్రాన నష్టం లేదని కాదు. రాష్ట్రం విడిపోతే మనిషి దారి తెగదు. తెగేవి నీటి వాటా, పన్నుల రాబడి, ఉమ్మడి ఆస్తులు, స్థానికత హోదా. వీటి పంపకం ఎలా జరిగిందన్నదే అసలు ప్రశ్న.

పదేళ్లకూ తెగని పద్దు

ఆస్తులు, అప్పులను జనాభా ప్రాతిపదికన ఆంధ్రప్రదేశ్‌కు 58.32 శాతం, తెలంగాణకు 41.68 శాతంగా పంచాలని లెక్కగట్టారు. తొమ్మిదో షెడ్యూలులో 91 సంస్థలు, పదో షెడ్యూలులో 142 సంస్థలు పంపకానికి వచ్చాయి. హైదరాబాదును పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధానిగా నిర్ణయించారు. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. గడువు తీరిన మరుసటి నెల, జూలై 6న, ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాదులో సమావేశమై పరిష్కారం కాని అంశాలను మళ్లీ మొదటి నుంచి చర్చించవలసి వచ్చింది. సంస్థల జాబితా చట్టంలో ఉన్నా, తగవు వస్తే ఎవరు ఎన్నాళ్లలో తీర్చాలన్నది పకడ్బందీగా లేకపోవడమే అందుకు ముఖ్య కారణం.

వెనుకబడిన ప్రాంతాల విషయంలో మన ప్రాంతానికి జరిగిన నష్టం మరింత సూటిది. విభజన చట్టంలోని 46వ సెక్షన్ రాయలసీమ, ఉత్తర కోస్తాలకు ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ ఇవ్వాలని పేర్కొంది. దాని ప్రకారం ఏడు జిల్లాలకు, జిల్లాకు రూ.50 కోట్ల చొప్పున ఏడాదికి రూ.350 కోట్లు లెక్కగట్టి, మూడేళ్లలో రూ.1,050 కోట్లు విడుదల చేశారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాలే ఆ ఏడు. ప్రకాశం జిల్లా వాటిలో లేదు.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970కి పూర్వంలా కర్నూలు జిల్లాలోనే ఉండి ఉంటే ఆ జాబితాలో ఉండేవి. నేల మారలేదు, వర్షపాతం మారలేదు, తాగునీటిలో ఫ్లోరైడ్ తగ్గలేదు. జిల్లా పేరు మాత్రం మారింది. చట్టం ఊరి కరవును చూడలేదు, జిల్లా పేరును చూసింది. 2024 జూలైలో కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో వెనుకబడిన ప్రాంతాల జాబితాలో రాయలసీమ, ఉత్తర కోస్తాలతోపాటు ప్రకాశం పేరు వినిపించింది. చట్టం వచ్చిన పదేళ్ల తరువాత దక్కిన గుర్తింపు అది.

వెలిగొండ: ఒక్క వాక్యం విలువ

ఇందుకు భిన్నమైన ఉదాహరణ వెలిగొండ. ప్రాజెక్టు కోసం పోరాడిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు దానికి పెట్టారు. శ్రీశైలం జలాశయపు వెనుక జలాలను కొల్లంవాగు వద్ద తీసుకుని, నల్లమల కొండల్లో తవ్విన రెండు సొరంగాల ద్వారా ఇవతలికి తేవాలన్నది పథకం. ఒక్కో సొరంగం పొడవు దాదాపు 18.8 కిలోమీటర్లు. మొదటి దాని సామర్థ్యం సుమారు 3,000 క్యూసెక్కులు, రెండో దానిది 8,500 క్యూసెక్కులకు పైగా. వరద వచ్చే రోజుల్లో 43.5 టీఎంసీలు మళ్లించి సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద కొండల మధ్య ఖాళీలను కట్టలతో మూసి ఏర్పరచిన నల్లమలసాగర్‌లో నిల్వ చేయాలి. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15 లక్షల మందికి పైగా తాగునీరు లక్ష్యం. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. 2024 మార్చి 6న సొరంగాలను ప్రారంభించారు.

అయితే ఈ ప్రాజెక్టుకు కృష్ణా నికర జలాల కేటాయింపు లేదు. బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించిన 811 టీఎంసీల్లో దీని వాటా లేదు. దిగువ రాష్ట్రంగా మిగులు జలాలను వాడుకునే స్వేచ్ఛ ఆధారంగానే దీన్ని రూపొందించారు. రాష్ట్రం ఒక్కటిగా ఉన్నంతకాలం ఆ స్వేచ్ఛపై తగవు ఇంటి తగవే. విడిపోయాక అది రెండు రాష్ట్రాల తగవు అవుతుంది.

ఆ ప్రమాదం నుంచి వెలిగొండను కొంతమేరకైనా కాపాడింది విభజన చట్టంలోని పదకొండో షెడ్యూలు. హంద్రీ-నీవా, తెలుగుగంగ, గాలేరు-నగరి, వెలిగొండ, కల్వకుర్తి, నెట్టెంపాడు ప్రాజెక్టులను ఉమ్మడి రాష్ట్రం నోటిఫై చేసిన ప్రణాళిక ప్రకారమే పూర్తి చేయాలని, నీటి పంపక ఏర్పాటు యథాతథంగా కొనసాగాలని అందులో రాశారు. ఒకే వాక్యం. కాని పార్లమెంటు ఆమోదించిన వాక్యం. 2021 జూలై 15న కృష్ణా, గోదావరి బోర్డుల పరిధిని నిర్ణయిస్తూ కేంద్రం గెజిట్ నోటిఫికేషన్ జారీ చేసినప్పుడు వెలిగొండ భవితవ్యంపై జిల్లాలో ఆందోళన వ్యక్తమైంది. పార్టీల నాయకులు ఢిల్లీకి రాసిన లేఖల్లోనూ, విజ్ఞప్తుల్లోనూ చేతబట్టిన ఆయుధం ఆ షెడ్యూలే. శ్రీబాగ్ ఒడంబడికకు లేని బలం దానికి ఉంది.

ఆ వాక్యానికీ పరిమితులు ఉన్నాయి. పూర్తి చేయాలని ఉంది గాని, ఏ ఏడాదికి పూర్తి చేయాలో లేదు. డబ్బు ఎవరివ్వాలో లేదు. ముంపు గ్రామాల నిర్వాసితులకు పరిహారం, పునరావాసం ఎప్పటికో లేదు. వరద తక్కువగా ఉన్న ఏడాది మన వంతు ఎంతో లేదు. శ్రీశైలంలో నీటిమట్టం 840 అడుగులకు పైన ఉన్నప్పుడే సొరంగాలకు నీరు అందుతుంది. ఆలోగా ఎగువన, పక్కన ఎవరెంత తోడుకుంటారన్నదే మన పంటను నిర్ణయిస్తుంది. 2015లో చేసుకున్న తాత్కాలిక సర్దుబాటు ప్రకారం 811 టీఎంసీల్లో ఆంధ్రప్రదేశ్ 512, తెలంగాణ 299 వాడుకోవాలి. శాశ్వత పంపకం కోసం 2023 అక్టోబరులో కేంద్రం జస్టిస్ బ్రిజేష్‌కుమార్ ట్రైబ్యునల్‌కు అదనపు విచారణాంశాలు అప్పగించింది. విభజనకూ దీనికీ మధ్య తొమ్మిదేళ్లు గడిచాయి.

కొత్త జిల్లా ముందున్న ప్రశ్నలు

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 26 అయినప్పుడు మార్కాపురానికి చోటు దక్కలేదు. పశ్చిమ మండలాల్లో నిరసనలు వెల్లువెత్తాయి. ఒంగోలు దూరాభారమన్నది ప్రధాన వాదన. తూర్పున సాగరం, పడమట నల్లమల ఉన్న జిల్లాలో నిధులన్నీ తూర్పుకే పోతున్నాయన్నది రెండో వాదన. జిల్లా చిన్నదైతే ఆదాయ వనరులు ఏవన్నది ఎదుటివారి ప్రశ్న. చివరకు 2025లో ప్రభుత్వం అంగీకరించి మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి నియోజకవర్గాలతో కొత్త జిల్లాను ఏర్పాటు చేసింది. దశాబ్దాల కోరిక నెరవేరినందుకు ప్రజలు సంతోషించడం న్యాయమే.

సంబరం ముగిశాక చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. విద్యా, ఉద్యోగాల్లో ఈ జిల్లా విద్యార్థి ఏ ప్రాంతానికి స్థానికుడు? వెనుకబడిన ప్రాంతాల గ్రాంట్లలో ‘ప్రకాశం’ అని రాసిన చోట కొత్త పేరు చేరుతుందా, లేక 1970లో కర్నూలు జిల్లాను వదిలినట్లే ఇప్పుడు ప్రకాశం పేరుతోపాటు ఆ హక్కునూ వదిలినట్లవుతుందా? వెలిగొండ ఆయకట్టు రెండు, మూడు జిల్లాల్లో పరచుకుని ఉండగా, నీరు వచ్చిన తొలి ఏడాది ఏ కాలువకు ఎంత అన్నది ఎవరు తేలుస్తారు? ఉమ్మడి జిల్లా పరిషత్ ఆస్తులు, ఖనిజ నిధుల పంపకం ఏ ప్రాతిపదికన జరగాలి? ఇవి నినాదాలకు లొంగే ప్రశ్నలు కావు. ప్రభుత్వ ఉత్తర్వులో స్పష్టమైన వాక్యాలుగా, తేదీలతో, మొత్తాలతో సహా ఉండవలసినవి.

విడిపోవడం మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. మద్రాసును వీడి తెలుగువారు నష్టపోలేదు. కాని శ్రీబాగ్‌ను చట్టం చేసుకోనందుకు మెట్ట ప్రాంతాలు నష్టపోయాయి. 1970లో దగ్గరలో జిల్లా కేంద్రం వస్తుందని సంతోషించిన ప్రాంతం, 2014 జాబితాలో తన పేరు లేకపోవడం చూసింది. అదే 2014లో ఒక షెడ్యూలులో వెలిగొండ పేరు ఉండటం వల్ల ప్రాజెక్టుకు చట్టబద్ధమైన ఆధారం మిగిలింది. బ్రిటన్ ప్రజలు ఏడేళ్ల పంచాయితీ తరువాత తెలుసుకున్నదీ ఇదే. వెళ్లాలా, ఉండాలా అన్నది ఒక్కరోజులో తేలుతుంది. ఏం తీసుకుని వెళ్తున్నామన్నది ముందే రాసుకోకపోతే తరాలు గడిచినా తేలదు.

అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పల్లెటూళ్లలో పెద్దమనుషులు ముందుగా చూసేది బావి ఎవరి వాటాలోకి వస్తుంది, బాట ఎవరి పొలం మీదుగా పోతుంది అన్నవే. గోడ ఆ తరువాత కడతారు. మార్కాపురం జిల్లాకు గోడ ముందే కట్టారు. బావి, బాటల రాతకోతలు ఇకనైనా త్వరగా పూర్తి చేయించుకోవలసిన బాధ్యత ఈ ప్రాంత ప్రజాప్రతినిధులది, వారిని అడగవలసిన బాధ్యత ప్రజలది.